హనుమాన్‌కైండ్ చెండతో చేసిన పని మనం డప్పుతో చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్న ఏంటో క్లుప్తంగా చెప్తాను. అడిగినాయన తెలుగులో ర్యాప్ రాస్తారు. కేరళ ర్యాపర్ హనుమాన్‌కైండ్, అక్కడి చెండ డోలుతో చేసిన 'రన్ ఇట్ అప్' పాట విన్నాక మన డప్పుతో, కుదిరితే ఒగ్గుడోలుతో అలాంటిది ఒకటి చేయాలనుకున్నారు. నెట్‌లో దొరికిన డప్పు లూప్ ఒకటి 140 బీపీఎం (నిమిషానికి 140 దెబ్బల వేగం) ట్రాప్ బీటు (ఒక రకం ఎలక్ట్రానిక్ ర్యాప్ బీటు) మీద వేసి చూశారు. "దేనికది బాగానే ఉంది, కలిపితే మాత్రం అతికించినట్టు వినిపిస్తోంది. అతను చేసింది ఏంటి, నేను చేయనిది ఏంటి? ఇంకొకటి, మా ఊళ్ళో ఇప్పుడు ఫైబర్ డప్పులే దొరుకుతున్నాయి, వాటితో నడుస్తుందా?" అని అడిగారు.

సూటిగా చెప్తాను. మీరు తయారైపోయిన బీటు మీద డప్పును తెచ్చి పెట్టారు. దరువును ముందు పెట్టుకుని బీటును దాని చుట్టూ కట్టాలి. కిక్ (బీటులో బరువైన డ్రమ్ము దెబ్బ) ఎక్కడ పడాలి, బాస్ ఏ శ్రుతిలో మోగాలి, మీ మాట ఎక్కడ ఆగాలి అన్నది దరువే చెప్పాలి. ఈ వరస తలకిందులైతే ఎన్ని ప్లగిన్లు (శబ్దాన్ని మార్చే సాఫ్ట్‌వేర్లు) వేసినా అతుకు కనబడుతూనే ఉంటుంది.

నేను హైదరాబాద్‌లో రికార్డింగ్, మిక్సింగ్ చేస్తాను. యూట్యూబ్ ఛానళ్ళ జానపద పాటలు, ర్యాపర్ల ట్రాకులు రెండూ నా దగ్గరికి వస్తాయి. ఈ మధ్య రెండూ ఒకే పాటలో కావాలని వచ్చేవాళ్ళు పెరిగారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అతను చేసింది ఏంటి

హనుమాన్‌కైండ్ అసలు పేరు సూరజ్ చెరుకాట్. 1992లో కేరళలోని మలప్పురం జిల్లా పొన్నానిలో పుట్టాడు. నాన్న ఉద్యోగం వల్ల దేశాలు తిరుగుతూ, ఎక్కువగా అమెరికాలోని హ్యూస్టన్‌లో పెరిగాడు. తర్వాత కోయంబత్తూరులో చదువు, బెంగళూరులో ఉద్యోగం, అక్కడి స్టేజీల మీద ర్యాప్. 2019లో వచ్చిన అతని ఈపీ (కొన్ని పాటల చిన్న ఆల్బమ్) పేరే 'కళరి', కేరళ యుద్ధవిద్య నేర్పే చోటు పేరు. అంటే సొంత ప్రాంతం మీద ధ్యాస అతనికి పేరొచ్చాక పుట్టింది కాదు. 2024 జూలైలో 'బిగ్ డాగ్స్' వచ్చి అమెరికా బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో 23వ స్థానం దాకా వెళ్ళింది. 2025 మార్చిలో 'రన్ ఇట్ అప్', ఏప్రిల్‌లో అమెరికాలోని కోచెల్లా సంగీతోత్సవం వేదిక మీద చెండ వాయించేవాళ్ళతో కలిసి ప్రదర్శన.

ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టి వినండి, మీ ప్రశ్నకు సగం జవాబు అక్కడే దొరుకుతుంది. 'బిగ్ డాగ్స్'లో మన వాద్యం అంటూ ఏదీ ప్రత్యేకంగా వినిపించదు. అందులో ఊరు ఉన్నది వీడియోలో. జాతరలో కనిపించే మృత్యుబావి, దాని గోడల మీద గుండ్రంగా తిరిగే బండ్లు, వాటిని నడిపేవాళ్ళు. సంగీతం మాత్రం పూర్తిగా అమెరికా దక్షిణ రాష్ట్రాల ర్యాప్ నడక. 'రన్ ఇట్ అప్'కి వచ్చేసరికి చెండ పాట లోపలికి వచ్చింది. అలంకారానికి పైన చల్లినట్టు ఉండదు, డ్రమ్స్ స్థానంలో అదే కూర్చుంది. ఆ పాటలోంచి చెండ తీసేసి ఊహించుకోండి, నిలబడే ఆధారమే పోతుంది. మీ ట్రాకులోంచి డప్పు తీసేస్తే? మీ ట్రాప్ బీటు హాయిగా నడిచిపోతుంది. తేడా అక్కడుంది.

ఈ రెండు పాటల వెనకా ఉన్న ప్రొడ్యూసర్ కల్మి మన హైదరాబాద్‌వాడే. అంటే ఈ పని ఎలా చేయాలో తెలిసిన చెవులు మన ఊళ్ళోనే ఉన్నాయి.

అయితే అతని నుంచి అన్నీ తీసుకోనక్కర్లేదు. అతను ర్యాప్ చేసేది ఇంగ్లీషులో, హ్యూస్టన్ యాసలో. తను పెరిగిన మాట అది, దాన్ని దాచుకోలేదు కాబట్టే నిజాయితీగా ఉంది. సంప్రదాయం అతని పాటలో తాళంలో, దృశ్యంలో ఉంది, భాషలో లేదు. మీరు రాసేది తెలుగులో. మీ చేతిలో అతనికి లేని సరుకు ఒకటుంది, దాని గురించి కింద రాస్తాను. ఇంకో మాట. 'రన్ ఇట్ అప్' వీడియోలో కేరళ తెయ్యం, దాంతోపాటు కళరిపయట్టు, పంజాబ్ గత్కా, మహారాష్ట్ర మర్దానీ ఖేల్, మణిపూర్ తాంగ్-తా లాంటి యుద్ధవిద్యలు వరసగా వస్తాయి. ప్రపంచం ముందు దేశం మొత్తాన్ని నిలబెట్టే పాటకు అది సరిపోయింది. మొదటి పాట చేస్తున్న మీరు అలా అన్నీ పోగు చేయకండి. డప్పు, ఒగ్గుడోలు, కొమ్ము, కిన్నెర అన్నీ ఒకే మూడు నిమిషాల్లో దూరిస్తే టూరిజం ప్రకటనలా తయారవుతుంది. ఒక్క వాద్యం తీసుకోండి, దాన్ని లోతుగా వినండి.

మీ లూప్ ఎందుకు అతకలేదు

ఇది పూర్తిగా లెక్క. మన దరువుల్లో చాలావాటి నడక మూడు. నోటితో "తకిట తకిట" అంటూ మీ లూప్ వినండి, కాలు దానంతట అదే ఆడుతుంది. తీన్మార్ కూడా ఆ ఊపే. ట్రాప్ బీటు గడులు మాత్రం నాలుగు నాలుగు, "తకధిమి తకధిమి". మీరు లూప్‌ను సాగదీసి 140కి కూర్చోబెట్టి, పైగా క్వాంటైజ్ కొట్టి (ప్రతి దెబ్బనూ సమానమైన గడుల్లోకి లాగి) ఉంటారు. అప్పుడు ఏం జరుగుతుందంటే, మూడులో రెండో దెబ్బకూ మూడో దెబ్బకూ మధ్య ఉండే ఆ చిన్న తూగు చచ్చిపోతుంది. డప్పు శబ్దం మిగులుతుంది, దరువు పోతుంది.

నేను చేసే వరస ఇది. ముందు ప్రాజెక్టులో మెట్రోనోమ్ ఆపేస్తాను. డప్పు కొట్టేవాళ్ళను వాళ్ళ వేగంలో కొట్టమంటాను. చెవిలో టిక్ టిక్ పెడితే చాలామంది మాస్టర్లకు చేయి బిగుసుకుపోతుంది. తప్పదంటే టిక్కుకు బదులు గజ్జెల శబ్దం లూప్ చేసి వినిపిస్తాను, దాంతో వాళ్ళకు ఇబ్బంది ఉండదు. టేక్ అయ్యాక ఆ టేక్‌ను బట్టి టెంపో మ్యాప్ (ఎక్కడెక్కడ వేగం ఎంతో చూపే పటం) గీస్తాను. గ్రిడ్‌ను, అంటే దెబ్బలు కూర్చునే గడులను, ట్రిప్లెట్‌కు (మూడేసికి) మారుస్తాను. అప్పుడు కిక్ పెడతాను, అది కూడా డప్పులో బరువైన దెబ్బ పడే చోటే. కొన్నిచోట్ల కావాలని డప్పుకు వదిలేసి కిక్ పెట్టను.

తర్వాత తీసేసే పని. డప్పు వాయించేవాడి కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల ఉంటాయి. సిర్ర బరువు దెబ్బ ఇస్తుంది. చిటికెన పుల్ల సన్నగా, చురుగ్గా మధ్యలో నింపుతూ పోతుంది. ట్రాప్‌లో హై-హ్యాట్ (సన్నటి తాళాల చప్పుడు) చేసే పని అదే కదా. రెండూ పెడితే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. అందుకే డప్పు ఉన్నచోట హై-హ్యాట్ తీసేయండి, సిర్ర దెబ్బ పడేచోట స్నేర్ (చురుకైన డ్రమ్ము దెబ్బ) తీసేయండి. మీ ట్రాక్‌లో ఈ ఒక్క పని చేసి చూడండి. సగం అతుకు అక్కడే పోతుంది.

808 బాస్ (ట్రాప్‌లో అడుగున మోగే లోతైన ఎలక్ట్రానిక్ బాస్) సంగతి ఇంకా ముఖ్యం. తోలు డప్పుకు ఒక శ్రుతి ఉంటుంది, అది నిలకడగా ఉండదు. స్టూడియో లోపల మంట పెట్టలేం కాబట్టి మా గేటు బయట ఎండుగడ్డో పాత కాగితాలో వెలిగించి డప్పులు కాస్తారు. కాగిన డప్పును మాస్టర్ వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, చాలకపోతే మళ్ళీ సెగకు తిప్పుతారు. లోపలికి తెచ్చి కొట్టగానే ఖంగుమంటుంది. ఏసీ గదిలో రెండు మూడు టేకులు అయ్యేసరికి తోలు సడలి శ్రుతి కిందికి జారుతుంది. మొదటి టేక్‌కు సరిపెట్టిన 808, నాలుగో టేక్ పక్కన పెడితే బేసురుగా ఉంటుంది. చాలామంది ఇది గమనించక, "ఏదో కుదరట్లేదు" అంటూ ఈక్యూ (శబ్దంలో పైభాగం, అడుగుభాగం తగ్గించి పెంచే మీట) తిప్పుతూ కూర్చుంటారు. ప్రతి టేక్‌కు ముందు కాయించండి, ఏసీ ఆపండి, ఏ టేక్ వాడుతున్నారో దాని శ్రుతికే బాస్‌ను సరిచేయండి.

మైకుల గురించి ఎక్కువ చెప్పను. దగ్గర ఒక డైనమిక్ మైకు, ఎస్ఎమ్57 లాంటిది చాలు. నాలుగైదు అడుగుల దూరంలో ఇంకొకటి. నిజానికి దూరపు మైకులోనే డప్పు డప్పులా ఉంటుంది. అది ఆరుబయట వినడానికి పుట్టిన వాద్యం. ఆరుగురు కలిసి కొట్టిన శబ్దం కావాలంటే ఒక్కరితో ఆరుసార్లు కొట్టించకండి, ఆరుగురినీ పిలవండి. ఒకరి చేయి ఒక వెంట్రుకవాసి ముందు, ఇంకొకరిది వెనక పడుతుంది, ఆ ఒరుపులోనే దళం మోత ఉంది. మిక్స్‌లో డప్పు అడుగు భాగం 80 హెర్ట్జ్ కింద కోసేసి 808కి వదలండి. మీ గొంతు వచ్చినప్పుడు డప్పులో 3, 4 కిలోహెర్ట్జ్ దగ్గర కాస్త తగ్గించండి. చిటికెన పుల్ల చురుకు, మీ నోట్లో క, ట, ప లాంటి అక్షరాల పదును రెండూ అక్కడే కొట్టుకుంటాయి.

ఒగ్గుడోలు, జముకు గురించి కూడా రెండు ముక్కలు. డోలుకు అడుగు బరువు ఎక్కువ, కాబట్టి దాని కింద 808 అస్సలు వద్దు. ఉత్తరాంధ్ర జముకు, తెలంగాణలో బైండ్లవాళ్ళు వాయించే జమిడిక సంగతి వేరు. తోలుకు కట్టిన తీగను మీటుతూ బిగువు మారుస్తుంటే స్వరం జారుతుంది. ట్రాప్‌లో బాస్ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతుందే, దానికి ఇది అన్నలాంటిది. విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి పాటలో 808 పూర్తిగా తీసేసి జముకునే కిందికి దించి బాస్‌గా వాడాం. ఇప్పటికీ నేను చేసిన పనుల్లో నాకు బాగా ఇష్టమైనది అది. మీకు డప్పు మీదే మనసుంటే సరే, లేదంటే జమిడిక ఒకసారి విని చూడండి, దాన్ని ర్యాప్‌లో ముట్టుకున్నవాళ్ళు చాలా తక్కువ.

మాట సంగతి

ఇక మీ చేతిలో ఉన్న సరుకు. తెలుగు ర్యాప్‌ను రోల్ రైడా, నోయల్ లాంటివాళ్ళు సినిమా, టీవీ దాకా తీసుకొచ్చారు. కొత్తగా రాసేవాళ్ళ దగ్గర నేను వినే లోపం ఒక్కటే. ఇంగ్లీషు ర్యాపర్ ఫ్లోను (మాట నడకను) ముందు హమ్ చేసుకుని, అందులో తెలుగు మాటలు కుక్కుతారు. దాంతో దీర్ఘం ఉన్నచోట పొట్టిగా, పొట్టి అక్షరం దగ్గర సాగదీసి పలకాల్సి వస్తుంది. మాట అర్థం కాదు, గొంతు తెలుగువాడిదిలా ఉండదు.

పైగా తెలుగులో పాదం చివర ప్రాస కలపడం మరీ సులువు. వచ్చాడు, ఇచ్చాడు, చచ్చాడు అంటూ పోవచ్చు. వినేవాడికి రెండో పాదానికే విసుగొస్తుంది. మన పద్యం వేరే దారి పట్టింది. ప్రతి పాదంలో రెండో అక్షరం ఒకే హల్లు కావాలంది. ద్విపదలో ఉన్న పల్నాటి వీరచరిత్రను ఊళ్ళలో నోటితో పాడుకున్నారంటే, ఆ ప్రాస చెవికి పట్టు ఇవ్వడం వల్లే కొంత. ర్యాప్‌లో ఇది అద్భుతంగా పనిచేస్తుంది, ఎందుకంటే ప్రాస పాదం మొదట్లోనే, దరువు బరువు దెబ్బ పక్కనే పడుతుంది. ఇప్పటికిప్పుడు రాసిన రెండు పాదాలు చూడండి:

సిర్ర పట్టి కొట్టినోడి పేరు ఎవడు రాయలే
బర్రె తోలు మీద లేచినాక మోత ఆగలే

సిర్ర, బర్రె. రెండో అక్షరం ర్ర కాబట్టి పట్టు దొరికింది. ఇంకా ముఖ్యమైనది, విడగొట్టి చదవండి: సిర్ర / పట్టి / కొట్టి / నోడి / పేరు / ఎవడు / రాయ / లే. చివరి 'లే' తప్ప ప్రతి ముక్కా మూడు మాత్రలు. తకిట, తకిట, తకిట. కవిత్వంగా ఇది గొప్పదని చెప్పను గానీ, దరువు మీద పెడితే గ్రిడ్డూ వద్దు, క్వాంటైజూ వద్దు, దానంతట అదే కూర్చుంటుంది. ఒక వర్స్ (ర్యాప్‌లో ఒక చరణం) మొత్తం ఇలా రాయక్కర్లేదు, విసుగొస్తుంది. నాలుగు పాదాలు తకిట మీద నడిపి, ఐదో పాదంలో తకధిమికి మారి, మళ్ళీ దరువులోకి దిగండి. వినేవాడి మెడ అక్కడ ఊగుతుంది.

ఒగ్గుకథ వినే అలవాటు లేకపోతే చేసుకోండి. చుక్క సత్తయ్యగారు 2017లో పోయారు, రికార్డింగులు మిగిలాయి. కథకుడు గబగబా వచనం చెప్పుకుపోతాడు, ఒకచోట ఆపుతాడు, వంతపాటగాడు అందుకుంటాడు, డోలు లేస్తుంది, మళ్ళీ వచనం. ర్యాప్ కచేరీలో పక్కన నిలబడి పాదం చివర అందుకునే మనిషి చేసే పని ఇదే. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హెర్క్ పార్టీల్లో మొదలైంది కూడా పాటలో డ్రమ్స్ ఒక్కటే మిగిలే ముక్కను పొడిగించి, దాని మీద మాట నడిపించడం. మాట, డోలు వంతులవారీగా నడవడం మనకు కొత్త కాదు. మీ పాటలో డప్పు ఒంటరిగా మోగే ఎనిమిది బార్లు (తాళం ఆవృతాలు) తప్పకుండా ఉంచండి. ఆ సమయంలో మీరు నోరు విప్పకండి, అడ్లిబ్స్ (మధ్యమధ్యలో వేసే కేకలు) కూడా వద్దు.

పాట ఎదుగుదల గురించి చెండ మేళం నుంచి ఒకటి నేర్చుకోవచ్చు. పంచారి మేళంలో తాళావర్తం 96 అక్షరాలతో మొదలై 48, 24, 12, 6కి దిగుతుంది. అంటే ఆవృతం పొట్టిదవుతూ, వేగం పెరుగుతూ, జనం ఊపు పెరుగుతూ పోతుంది. మన దరువు కూడా నిదానంగా మొదలై ఉరుకులోకి వెళ్తుంది. ట్రాప్‌లోలా బిల్డప్, డ్రాప్ పెట్టడం కన్నా, వర్స్‌కు వర్స్‌కు దరువు బిగిస్తూ పోవడం మన వాద్యానికి నప్పుతుంది. టెంపో మారితే డీజేలు తిట్టుకుంటారు, తిట్టుకోనివ్వండి.

ఇక యాస. ఇంట్లో ఏది మాట్లాడతారో అదే. కరీంనగర్ మనిషి అనంతపురం యాస తెచ్చుకుంటే రెండో లైనుకే దొరికిపోతాడు.

ఏ దరువు, ఎవరి దరువు

దీని గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. డప్పు మోగే సందర్భాలు వేరు, దరువులు వేరు. పెళ్ళికి ఒకటి, జాతరకు ఒకటి, చావుకు ఒకటి. వరంగల్ వైపు నుంచి ఒక కుర్రాడు చనిపోయిన తన అన్న గురించి రాసిన పాటతో వచ్చాడు. బీటు రెడీ చేసుకుని, పైన డప్పు కొట్టించుకుందామని ఒక పెద్దాయనను వెంటబెట్టుకొచ్చాడు. ఆయన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నారు, కాసేపు తొడ మీద వేళ్ళతో కొట్టుకున్నారు. "బిడ్డా, నువ్వు ఏడుస్తున్నవు, నీ బాజా పెండ్లికి పోతున్నది" అన్నారు. తర్వాత ఆయనే సాగనంపే దరువు ఎలా ఉంటుందో మెల్లగా వాయించి చూపించారు. ఆ కుర్రాడు బీటు మొత్తం తీసేసి, ఆ దరువు మీదే మళ్ళీ రాసుకున్నాడు. పాట నిలబడింది. లూప్ ప్యాక్‌లో ఈ సంగతి చెప్పేవాళ్ళు ఉండరు. "డప్పు 07" అని పేరుంటుంది, అంతే. అది ఏ సందర్భానికి మోగేదో మీకు తెలియదు, ఊళ్ళో వినేవాళ్ళకు తెలుస్తుంది.

రెండోది ఇంకా బరువైన విషయం. డప్పు మాదిగల వాద్యం. ఊరికి వెట్టిగా కొట్టించుకుని, కొట్టినవాణ్ణి గడప బయట నిలబెట్టిన చరిత్ర దానికి ఉంది. 1994లో మొదలైన దండోరా ఉద్యమంలో అదే డప్పు తలెత్తుకుని నిలబడింది. ఇవాళ మీరు దాన్ని పాటలో పెట్టి "మన కల్చర్" అంటున్నప్పుడు, ఆ "మన" అనే మాటలో వాయించేవాళ్ళు ఉన్నారా లేరా అని ఒక్కసారి చూసుకోవాలి. హిప్-హాప్ కూడా వెలివేతకు గురైన మనుషుల గొంతుగానే పుట్టింది కాబట్టి, ఈ రెండూ కలవడంలో న్యాయం ఉంది. ఆ న్యాయం పాట వెనక జరిగే పనిలో కూడా కనపడాలి. మీరే ఆ కుటుంబం నుంచి వచ్చి ఉంటే ఇదంతా నాకంటే మీకే బాగా తెలుసు, ఆ అనుభవమే మీ వర్స్‌లోకి రానివ్వండి.

పూజకు సంబంధించినవాటి దగ్గర ఇంకొంచెం ఆగి ఆలోచించండి. ఉత్తర కేరళలో తెయ్యం కట్టేది వంశాలవారీగా కొన్ని కులాలవాళ్ళు. కట్టినంతసేపు ఆ మనిషిని దేవుడిగానే మొక్కుతారు. మన దగ్గర మల్లన్న పట్నాలు, ఎల్లమ్మ కొలుపు, బోనాల్లో రంగం అలాంటివే. పూనకంలో ఉన్న మనిషిని అడక్కుండా షూట్ చేసి హుక్‌లో (మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవిలో) పెట్టడం నాకు నచ్చదు, అలాంటి ఫుటేజీ ఉన్న వీడియోకు నేను పని చేయను. వాయించేవాళ్ళనే అడగండి, ఏది బయట వాయించొచ్చు, ఏది వద్దు అని వాళ్ళు స్పష్టంగా చెప్తారు.

డబ్బు, పేరు, కాగితం

2021 మార్చిలో వచ్చిన తమిళ పాట 'ఎంజాయ్ ఎంజామీ' మీరు వినే ఉంటారు. అరివు, ధీ పాడారు, సంతోష్ నారాయణన్ ప్రొడ్యూస్ చేశారు. ఒప్పారి అనే శోకగీతాల సంప్రదాయం నుంచి, శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసిన అరివు కుటుంబంలోని పెద్దతరం బతుకు నుంచి పుట్టిన పాట. ర్యాప్, జానపదం కలిసిన పాటల్లో నా దృష్టిలో ఇప్పటికీ అంతకు మించింది రాలేదు. అంత పాటకు కూడా, ఆ ఏడాది ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రంలో అరివు లేడని పెద్ద గొడవైంది, తర్వాత ఆ పత్రిక అతనితో వేరే కవర్ వేసింది. ఎవరి వాటా ఎంత అన్న చర్చ బయటికొచ్చింది. 2024లో సంతోష్ నారాయణన్ ఆ పాట మీద తమకు ఆదాయమే రాలేదని బహిరంగంగా చెప్పారు. కోట్ల మంది విన్న పాట పరిస్థితే అది. అందుకే రికార్డింగ్‌కు ముందే ఒక కాగితం రాసుకోండి. ఎవరు రాశారు, ఎవరు వాయించారు, ఎవరికి ఎంత శాతం, క్రెడిట్‌లో పేరు ఎలా పడాలి. ఒక పేజీ చాలు, తెలుగులోనే రాయండి, వాయించేవాళ్ళకు చదివి వినిపించి సంతకాలు తీసుకోండి. 2012 సవరణ తర్వాత మన కాపీరైట్ చట్టంలో వాయించేవాళ్ళ హక్కులకు బలం వచ్చింది. అది వాళ్ళకు చెప్పండి, దాచకండి.

పాత పాట ముక్క ఏదైనా వాడాలనుకుంటే "జానపదమే కదా" అనుకుని దిగిపోకండి. 'పల్లెటూరి పిల్లగాడా' చాలామంది జానపదం అనుకుంటారు, రాసింది సుద్దాల హనుమంతు. 'బండెనక బండి కట్టి' గద్దర్ రాశాడనుకుంటారు, పాడి జనంలోకి తెచ్చింది ఆయన, రాసింది బండి యాదగిరి. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళ వరకు హక్కు ఉంటుంది. హనుమంతు 1982లో పోయారు, అంటే 2042 చివరి దాకా. నిజంగా ఎవరు కట్టారో తెలియని పాటైనా, ఒక కంపెనీ రికార్డు చేసిన ఆడియోలోంచి ముక్క తీసుకుంటే ఆ రికార్డింగు హక్కు వాళ్ళదే. యూట్యూబ్‌లో క్లెయిమ్ పడితే మీ పాట మీద వచ్చే డబ్బు అటు పోవచ్చు. నెట్‌లో దొరికిన మీ లూప్‌కు కూడా ఇదే వర్తిస్తుంది, దాని లైసెన్స్ ఏంటో ముందు చూడండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది

బీటు పక్కన పెట్టేయండి. మీ ఊళ్ళో, లేదా పక్క ఊళ్ళో డప్పు దళం పెద్దమనిషి దగ్గరికి వెళ్ళండి. వెళ్ళిన రోజే రికార్డింగ్ మాట ఎత్తకండి, ఏ దరువు దేనికి కొడతారో వినండి. నచ్చినదాన్ని అడిగి ఫోన్‌లోనే రికార్డు చేసుకోండి, ఆయన సమయానికి డబ్బు ఇవ్వండి. ఇంటికొచ్చి ఆ ఫోన్ రికార్డింగ్ మీద, ఇంకేమీ లేకుండా, ఒక వర్స్ పూర్తిగా రాయండి. ఒట్టి దరువు మీద మీ వర్స్ నిలబడితే అప్పుడు బాస్ కలపండి. నిలబడకపోతే 808 దాన్ని కాపాడలేదు.

చివరగా ఫైబర్ డప్పు. డెమోకు, రాసుకోవడానికి, వానాకాలం స్టేజీ షోలకు నిక్షేపంగా నడుస్తుంది. మరలు బిగిస్తే శ్రుతి కదలదు కాబట్టి 808తో సరిచేయడం కూడా సులువే. ఫైనల్ రికార్డింగ్‌కు మాత్రం నేను తోలుదే అడుగుతాను. ఫైబర్‌లో పైన చురుకు ఉంటుంది గానీ నడుం ఉండదు, 150, 200 హెర్ట్జ్ దగ్గర పొట్టలో తగిలే ఆ దెబ్బ రాదు, ఈక్యూతో పెంచితే డొల్లగా వినిపిస్తుంది. తోలు డప్పు ఒక్కటైనా దొరికితే దాన్ని దగ్గరి మైకు ముందు పెట్టి, మిగతా నలుగురి చేత ఫైబర్ డప్పులతోనే వెనక కొట్టించండి. దళం మోతకు అది చాలు. అలా చేసిన టేక్ ఉంటే ఇక్కడే పెట్టండి, విని ఏ దెబ్బ దగ్గర కిక్ పెట్టొచ్చో చెప్తాను.